రాగిగింజంత చెట్టు: ఒక స్టూడియో మోడల్, ఒక మిద్దె నారు

జులైలో ఒక సాయంత్రం మా అక్క కూతురు ఆటోలోంచి క్యారమ్ బోర్డులో సగం ఉండే అట్టముక్కను జాగ్రత్తగా దించింది. దాని మీద కొండపాదం, ఒక వంక, కాలిబాటలు, రెండొందల పైచిలుకు చెట్లు. చెట్లన్నీ పచ్చరంగు అద్దిన స్పాంజి ఉండలు, అన్నీ ఒకటే సైజు. "మామా, ఎట్లుంది?" అంది. నిజంగానే బాగుంది. కట్టర్ పట్టుకోవడంలో చెయ్యి తిరిగిన పిల్ల. "ఈ చెట్ల వయసెంత?" అని అడిగాను. కాసేపు నా ముఖం చూసి, "వయసు రాయమని బ్రీఫ్‌లో లేదు మామా" అంది. బ్రీఫ్ అంటే ఏం చేయాలో కాలేజీవాళ్లు రాసిచ్చే కాగితం.

ఆ జవాబు దగ్గరే ఈ కథ మొదలైంది. తర్వాతి నాలుగున్నర నెలల్లో ఆమె ఇంకో రెండు మోడళ్లు చేసింది, అవ్వ (అంటే మా అమ్మ) ఇంటి మిద్దె మీద నూట యాభై గింజలు వేసింది. నేను తిరుపతిలో పద్దెనిమిదేళ్లుగా లాండ్‌స్కేప్ పనులు చేస్తున్నాను. లాడ్జీల ముంగిళ్లు, కల్యాణ మండపాల పార్కింగులు, రెండు మూడు స్కూళ్లు, అంతకు మించి పెద్దవేమీ కావు. ఆమె పనిని పక్కనుంచి చూస్తూ పుస్తకంలో రాసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. గింజల లెక్కలు ఒక్క మిద్దెవి, ఒక్క సీజనువి. వాటిని ప్రయోగశాల ఫలితాల్లా తీసుకోవద్దు.

స్థలం, మొదటి మోడల్

ఆమెది ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు. కాలేజీ మా ఊరికి గంటన్నర దూరం, రోజూ బస్సులో పోయొస్తుంది. ఈ సెమిస్టరులో లాండ్‌స్కేప్ స్టూడియో, అంటే ఒక స్థలానికి తోట డిజైన్ గీసి మోడల్ చేసి చూపించే క్లాసు. ఇచ్చిన స్థలం తిరుపతికి ఉత్తరాన కొండపాదంలో ఉన్నట్టు ఊహించుకున్నది: 150 మీటర్లు పొడవు, 80 మీటర్లు వెడల్పు, అంటే దాదాపు మూడెకరాలు. పైనుంచి కిందికి 9 మీటర్ల వాలు. మధ్యలో వంక. జనం వచ్చి కూర్చునే తోట కావాలి, వానాకాలంలో వంక పొంగితే దారి ఇచ్చేదిగానూ ఉండాలి.

ఆ రెండో షరతు ఎందుకు పెట్టారో తిరుపతిలో ఎవరికీ వివరించక్కర్లేదు. 2021 నవంబరులో కొండ మీంచి దిగిన నీళ్లు ఊరి వీధుల్లో ఎట్లా పారాయో మా కాలనీలో మెట్ల మీద నిలబడి చూశాం. శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది.

మోడల్ స్కేలు 1:200. ఆ లెక్కన 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (మోడళ్లకు వాడే తేలికపాటి నురగ షీటు) ఒక పొర వేస్తే నేల మీద ఒక మీటరు ఎత్తు. తొమ్మిది పొరలు పేరిస్తే కొండపాదం తయారు. ఇంతవరకు సులువే. మొదటిసారి కొండ వైపు ఎత్తుకు థర్మోకోల్ పెట్టి, దాని మీద స్ప్రే రంగు కొట్టిందట. స్ప్రేలోని ద్రావకానికి థర్మోకోల్ కరిగి, శేషాచలం మధ్యలో గుంత పడింది. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరైనా చేసే తప్పే ఇది, నేనూ చేశాను. రంగు వేయాలంటే ముందు ఫెవికాల్‌లో కాస్త నీళ్లు కలిపి పూత పూయాలి, లేదా పోస్టర్ కలర్ వాడాలి.

అసలు తప్పు చెట్లలో ఉంది. స్పాంజి ఉండ 4 సెంటీమీటర్లు. 1:200లో అది 8 మీటర్ల గొడుగున్న చెట్టు, అంటే పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో పెరిగిన కానుగ. వాటిని ఆరు మీటర్లకొకటి చొప్పున గుచ్చింది. మోడల్‌లో అవి ఒకదాన్నొకటి తాకుతూ పచ్చటి దుప్పటిలా కనిపిస్తాయి, ఫోటోకు బాగుంటుంది. నేల మీద మొదటి ఐదేళ్లు అక్కడ నీడ ఉండదు. పదిహేనో ఏట గాలి ఆడదు.

ఆమెను తప్పుపట్టే హక్కు నాకెక్కడిది? పనిలోకి దిగిన కొత్తల్లో ఒక కల్యాణ మండపం పార్కింగులో మూడు మీటర్లకొక కానుగ పెట్టించాను. డ్రాయింగులో పచ్చగా కనిపించాలని ఓనరు పట్టుబట్టాడు, నేను ఒప్పుకున్నాను. ఏడేళ్ల తర్వాత ఒకటి విడిచి ఒకటి కొట్టేశారు. కొట్టినప్పుడు నన్ను పిలవలేదు. అదొక్కటే ఊరట.

ఆమెకు ఉపన్యాసం ఇవ్వలేదు. "నీ ప్లాంట్ లిస్టులో ఉన్నవాటిలో ఐదు రకాలు గింజ నుంచి మొలిపించు, సబ్మిషన్ దాకా పెంచు" అన్నాను. లిస్టులో తంబ జాలారి కూడా రాసింది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప పెరగని చెట్టు, పేరు చూడగానే జ్యూరీ (పని చూసి మార్కులేసేవాళ్లు) తలూపుతుంది. మొక్క ఎక్కడ దొరుకుతుందని అడిగితే తెలీదు. మా దగ్గర నర్సరీలకు కడియం నుంచి లారీల్లో దిగే సరుకులో అది నాకైతే ఎన్నడూ కనపడలేదు. కాబట్టి లిస్టులోంచి కొట్టేయించాను. మిగిలినవి వేప, కానుగ, నేరేడు, రేల, ఎర్రచందనం.

కిటికీ పక్క నారు

మొదటి విడత వేప. జులైలో పండ్లు కింద రాలుతుంటాయి. గుజ్జు కడిగేసి వెంటనే వేయాలి, వేప గింజ డబ్బాలో దాచుకుంటే రెండు మూడు వారాల్లోనే సత్తువ పోతుంది. ఆమె 36 గింజలు కోడిగుడ్ల అట్ట ట్రేలో, వట్టి కొబ్బరి పొట్టులో వేసి, మోడల్ చేసే బల్ల మీద కిటికీ పక్కన పెట్టుకుంది. పదిహేను రోజుల్లో 33 మొలిచాయి. నాకు ఫోన్ చేసి చెప్పిన ఉత్సాహం చూసి నేనే కాస్త భయపడ్డాను.

వారంలో 26 పడిపోయాయి. నేలకు తగిలేచోట కాడ సన్నగా, నీళ్లు కారినట్టు మెత్తబడి, పొద్దునకు వాలిపోయి ఉంటాయి. నారుకుళ్లు. తడి ఎక్కువైన మట్టిలో బూజు జాతి శత్రువులు లేత కాడను పట్టుకుంటాయి. మూడు తప్పులు కలిశాయి: ట్రేకు అడుగున రంధ్రాలు లేవు, కిటికీ వెలుతురు చాలక మొలకలు సాగి బలహీనపడ్డాయి, ఆమె రాత్రి పన్నెండుకు మోడల్ పని ముగించి పడుకునే ముందు నీళ్లు పోసేది. రాత్రంతా తడి.

"నీకు తీరికైనప్పుడు కాదు పాపా, దానికి దప్పికైనప్పుడు పోయాల" అంది అవ్వ. చంద్రగిరి పక్కన పల్లెలో నలభై ఏళ్లు వేరుశనగ, వరి పండించిన మనిషి. నారు పడిపోయిన ట్రే చూసి పొయ్యి బూడిద చల్లింది. దానివల్ల ఆగిందని నేను చెప్పలేను. ట్రేని మిద్దె మీదికి మార్చాం, గాలి తగిలింది, నీళ్లు పొద్దున మాత్రమే పోశాం. మిగిలిన ఏడూ బతికాయి. అవ్వ మాత్రం బూడిద వల్లే అంటుంది.

మిద్దె మీద

రెండో విడతకు మట్టి మార్చాం. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు. నర్సరీ కవర్లు, అడుగున రంధ్రాలు ఉన్నవి. పైన సగం నీడనిచ్చే షేడ్ నెట్. కవర్లను సిమెంటు మీద నేరుగా పెట్టొద్దని చెప్పాను. ఆగస్టులో కూడా మా మిద్దెలు మధ్యాహ్నానికి పెనంలా కాలుతాయి, నల్ల కవరులో వేర్లు ఉడికిపోతాయి. పాత తలుపు చెక్క కింద రెండు ఇటుకలు పెట్టి దాని మీద పేర్చింది.

కానుగకు పెద్ద కథ లేదు. 24 వేస్తే 21 వచ్చాయి, ఏ శుద్ధీ చేయలేదు. నేరేడు తమాషా చేసింది: 20 గింజలు వేస్తే 17 మొలిచాయి, మొక్కలు మాత్రం 29. ఒకే గింజలోంచి రెండు మూడు మొలకలు. పుస్తకంలో చదివిన బహుపిండత అనే ముక్క పరీక్ష రాసి మర్చిపోయిందట. కవరులో చూశాక మళ్లీ మర్చిపోదు.

రేల దగ్గర ఆమె స్టూడియో సామాను పనికొచ్చింది. రేల గింజకు పెంకు గట్టి, నీళ్లు లోపలికి పోవు. 15 గింజలు అట్లాగే వేసింది. మిగతా 15 గింజల్ని మోడల్ అంచులు నున్న చేసే ఎమరీ పేపర్ మీద ఒక పక్క రుద్ది, లోపలి తెలుపు కొద్దిగా కనిపించగానే ఆపి, రాత్రంతా నానబెట్టి వేసింది. నెల రోజుల్లో రుద్దనివి రెండు, రుద్దినవి పన్నెండు మొలిచాయి. మొలక వచ్చే కొనను వదిలేసి పక్కన రుద్దాలి, అదొక్కటే కిటుకు.

ఎర్రచందనం అందరికంటే ఎక్కువ ఏడిపించింది. కాయలు తెలిసినవాళ్ల తోటలో రాలినవి. అప్పడంలా గుండ్రంగా, చుట్టూ రెక్క, మధ్యలో గట్టి బుడిపె. ఆ బుడిపెలో గింజ. ఇది చెప్పగానే చాలామంది గొంతు తగ్గించి "ఇంట్లో పెంచొచ్చా?" అని అడుగుతారు. మొక్క పెంచడానికి అడ్డు లేదు. చెట్టయ్యాక కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. 40 కాయల్లో 20 రెండు రోజులు మామూలు నీళ్లలో నానబెట్టింది. ఇంకో 20 అవ్వ తీసుకొని, పేడనీళ్లలో రాత్రి నానబెట్టి పగలు ఆరబెట్టి, నాలుగు రోజులు అట్లా తిప్పింది. నీళ్లవి మూడు, పేడనీళ్లవి ఎనిమిది వచ్చాయి. మొదటి మొలక పదిహేడో రోజు. ఆఖరిది నెలన్నరకు, ఇక ఆ కవరు మట్టి పారేద్దామని ఎత్తినప్పుడు.

కోతుల సంగతి వదిలేస్తే అబద్ధమవుతుంది. ఇల్లు కపిలతీర్థం రోడ్డుకు దగ్గర. సెప్టెంబరులో ఒక ఆదివారం గుంపు దిగి ఐదు కానుగలు పీకి, వేరు కొరికి చూసి, నచ్చక పారేసి పోయింది. తినడానికైతే బాధ ఉండదు. ఆ మర్నాటి నుంచి షేడ్ నెట్ నాలుగు పక్కలా కిందికి దించి కట్టాం.

వేరు చూసిన రోజు

ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన రోజు మొలిపించిన అరవయ్యో రోజు. ఒక కానుగ కవరు కోయమన్నాను. ఆమెకు ప్రాణం ఒప్పలేదు. కోతులు వదిలిపెట్టినదాన్ని నువ్వు కోయిస్తావా అని అవ్వ కూడా నన్ను తిట్టింది. చివరికి కోసింది. మట్టి కడిగి స్కేలు పెట్టింది. పైన కాడ 24 సెంటీమీటర్లు. కింద తల్లివేరు చుట్ట విప్పి కొలిస్తే 41. కవరు లోతు 18 మాత్రమే. అంటే వేరు అడుగుకు తగిలి, దారిలేక రెండు చుట్లు తిరిగింది, రెండే నెలల్లో.

ఆమె అంతవరకు చెట్టును నేల నుంచి పైకే గీసింది. మోడల్‌లో చెట్టు అంటే గుండుసూది, దాని మీద స్పాంజి. కింద ఏముందో ఎవరూ అడగరు. వంక ఒడ్డున రాతి కట్టడం గీసి, దానికి మీటరు దూరంలో కానుగల వరస పెట్టింది. ఆ వేరు చూశాక ఆ వరసను తనే నాలుగు మీటర్లు వెనక్కి జరిపింది. నేను నోరు తెరవలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే మాట్లాడుకున్నాం. మా క్లయింట్లు పది అడుగుల "రెడీమేడ్" చెట్లు అడుగుతారు. కవర్లలోనూ డ్రమ్ముల్లోనూ ఏళ్ల తరబడి ఉన్న చెట్లకు వేర్లు ఇట్లాగే చుట్టుకొని ఉంటాయి. ఆ చుట్ట కోయకుండా నాటితే పైన పచ్చగానే ఉంటుంది, పెరిగి బరువెక్కాక గాలివానకు కూకటివేళ్లతో సహా ఒరుగుతుంది. చాలాసార్లు మోకాలెత్తు మొక్క నాటినదే నాలుగైదేళ్లలో దాన్ని దాటిపోతుంది. నాకు తెలిసిన ఈ ముక్కను క్లయింటు ముందు గట్టిగా చెప్పడం మాత్రం ఇప్పటికీ రాలేదు.

రాగులు

అక్టోబరులో ఆమె నాటిన రోజు మోడల్ చేస్తానంది. పాత మోడల్‌లోని చెట్లన్నీ పీకి, 74 మాత్రమే మళ్లీ గుచ్చి, అది పదిహేనో ఏడు అని పక్కన పెట్టింది. ఇంకో అడుగు కట్టింది, ఈసారి సన్‌బోర్డు కాదు, కిరాణా అంగడి అట్టపెట్టెలు కోసి. ఖర్చు దాదాపు లేదు. రంగు కూడా మా ఎర్రమట్టికి దగ్గరగా ఉంది.

మరి మొక్కలు ఎంత ఉండాలి? లెక్క వేసింది. ఎర్రచందనం మొక్క నాటేనాటికి 20, 25 సెంటీమీటర్లు. రెండొందలతో భాగిస్తే మిల్లీమీటరు పైన కొంచెం. ఏం పెట్టాలో తోచక వంటింట్లోకి పోయి డబ్బాలు తెరిచి చూసిందట. గసగసాలు చిన్నవి, ఆవాలు పెద్దవి. సంగటికి పెట్టుకున్న రాగులు సరిగ్గా సరిపోయాయి. కానుగ, నేరేడు ఏడాదికి నడుమెత్తు వస్తే కందిగింజ. 74 గింజలు పట్టకారుతో ఫెవికాల్ మీద పెట్టింది. దూరంనుంచి చూస్తే బోడి గుట్ట.

చూసి ఆమెకే టెన్షన్ పట్టుకుంది. "మామా, దీన్ని చూసి మార్కులెవరిస్తారు?" నిజమే, ఎండాకాలంలో అక్కడికి వచ్చిన మనిషి ఎక్కడ కూర్చోవాలి? దానికి దారి అవ్వే చూపింది. తమలపాకు తోటలో తీగకు ఆసరాగా, నీడకు అవిశ వేస్తారు. అవిశ ఏడాదిలోనే ఇంటి చూరు దాటుతుంది, ఎక్కువ కాలం బతకదు, పువ్వూ ఆకూ కూరకు పనికొస్తాయి. దారి పొడవునా అవిశ, మధ్యమధ్య తాటాకు పందిళ్లు. కానుగలు అందుకునేనాటికి అవిశ పని అయిపోతుంది. చీపురు పుల్ల రెండు సెంటీమీటర్లు తుంచి, ఎండిన తులసి కంకి అంటించి, తీసి పెట్టేటట్టు గుచ్చింది. ఎండిన తులసి కంకి కంటే మంచి మోడల్ చెట్టు ఏ స్టేషనరీ షాపులోనూ దొరకదు.

వంక కోసం 1:50లో ఇంకో ముక్క చేసింది, బంకమన్నుతో, స్టీలు పళ్లెంలో. అట్ట మోడల్ మీద నీళ్లు పోయలేం, దీని మీద చెంబుతో పోశాం. మొదటిసారి నీళ్లు ఆమె గీసిన వంపును పట్టించుకోకుండా నేరుగా దారి మీదికొచ్చాయి. వంపు బయటి ఒడ్డు కోసుకుపోయింది. పళ్లెంలో మట్టి నిజమైన నేల కాదు, లోతులూ వేగాలూ ఆ స్కేలులో సరిపోవు, కాబట్టి దాన్నుంచి కొలతలు తీసుకోలేదు. నీళ్లు ఎటు మొగ్గుతున్నాయో చూసి, వంపును విప్పి, పక్కన కయ్యలు వేసినట్టు మూడు మెట్లు తీసింది, పొంగిన నీళ్లు అక్కడ పరుచుకునేలా. ఈ పనికి ఒక వారం పట్టింది. నా అభిప్రాయంలో సెమిస్టరు మొత్తంలో మంచి డిజైన్ అదే.

సబ్మిషన్‌కు రెండు రోజుల ముందు ఎలుక పడింది. 74 గింజల్లో 23 పోయాయి, అదీ పైవాలులోనే. పిల్ల ఏడుపు ఒక్కటే తక్కువ. అవ్వ కళ్లజోడు సర్దుకొని చూసి, "మేకలు పడినట్టుంది" అంది.

కొండపాదంలో కంచె లేకుండా మొక్క నాటితే జరిగేది సరిగ్గా అదే. ఆమె మళ్లీ రాగులు అంటించలేదు. ఖాళీ అయినచోట్ల చిన్న తెల్ల చుక్కలు పెట్టింది, పక్కన "రెండో ఏడు మళ్లీ నాటాలి" అని రాసింది. ప్లానులో ముళ్లకంపతో ఒక్కో మొక్కకు గూడు, పైవాలుకు రాతి కట్ట చేర్చింది.

జ్యూరీ

నవంబరు ఆఖరున. నేను పోలేదు, ఆమె చెప్పింది రాస్తున్నాను. బయటినుంచి వచ్చిన జ్యూరర్ వంగి చూసి "చెట్లేవమ్మా?" అన్నారట. "రాగులే సర్." ఒకరు నవ్వారు. ఇంకొకరు కుర్చీ దగ్గరికి లాక్కొని, రెండు మోడళ్లనూ పక్కపక్కన పెట్టించి చాలాసేపు అడిగారట. అవిశలు తీసేసే రోజు ఎవరు తీస్తారు? కానుగకు ఏప్రిల్, మేలో నీళ్లు ఎక్కడినుంచి? మొదటిదానికి జవాబు చెప్పింది. రెండోదానికి లేదు. ఆ ప్రశ్న నేను అడిగి ఉండాల్సింది. ఈశాన్య వానలకు నాటితే డిసెంబరు దాకా గడుస్తుంది, తర్వాత ఐదు నెలలు మొక్కకు ట్యాంకరో, బోరో, బకెట్టు పట్టే మనిషో కావాలి. మా ఇద్దరి లెక్కలోనూ ఆ మనిషి లేడు. మిద్దె మీద ఆ మనిషి అవ్వే కాబట్టి మాకు కనిపించలేదు.

మార్కులు పర్వాలేదు. క్లాసులో మొదటి ఐదుగురిలో లేదు. థర్మోకోల్ అడవులు చేసినవాళ్లు ఇద్దరు ఆమె పైన ఉన్నారు. ఆమెకు అది కొంచెం గుచ్చుకుంది, నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఖర్చు: మూడు మోడళ్లకు కలిపి మూడు వేల నాలుగొందలు, అందులో మొదటిదానికే రెండు వేల ఏడొందలు. మిద్దె మీద నారుకు షేడ్ నెట్‌తో కలిపి తొమ్మిదొందలు.

నారు ఏమైంది

డిసెంబరులో నేరేళ్లలో పది, కానుగల్లో ఎనిమిది మా పల్లె కయ్య గట్టు మీద నాటాం. తల్లివేరు చుట్ట తిరిగిన చోట కోసే నాటాం. రేలలు రెండు ఒక లాడ్జి పనిలో పెట్టడానికి ఒప్పించగలిగాను. ఆ ఓనరు ముందు రెండు షీట్లు పెట్టాను, నాటిన రోజుది, పదో ఏడుది. మొదటి షీటు చూసి "ఇదేంది సామీ, ఖాళీగా ఉంది" అన్నాడు. గేటు దగ్గర నాలుగు పెద్ద చెట్లకు నేను తగ్గాను, లోపల చిన్న మొక్కలకు ఆయన తగ్గాడు.

ఎర్రచందనాలు పదకొండూ ఇంకా మిద్దె మీదే ఉన్నాయి. జనవరి ఆఖరులో పొద్దున్నే ఫోన్. "మామా, ఆకులన్నీ రాలిపోయినాయి. ఒక్కటీ మిగల్లేదు." గొంతు వణుకుతోంది. ఎర్రచందనం ఆకు రాల్చే చెట్టని ప్లాంట్ లిస్టులో తన చేత్తోనే రాసింది. నేను నవ్వలేదు. "గోటితో కాడ మీద కొంచెం గీరి చూడు" అన్నాను. ఐదు నిమిషాలకు ఫోటో వచ్చింది. గోరు గీత కింద సన్నగా పచ్చ.